కుదురు లేదంటే అదొక్కటేనా?

ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురులేమి) ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి దానితోపాటు ఇంకో ఇబ్బంది కూడా ఉంటుంది. చాలా ఇళ్లలో పిల్లాణ్ని నిజంగా కుంగదీస్తున్నది ఆ రెండోదే.

నెల్లూరు నుంచి ఆత్మకూరు వెళ్లే దారిలో, బుచ్చిరెడ్డిపాళెం దాటాక, పెన్న ఒడ్డున వస్తుంది సంగం. 1880లలో కట్టిన పాత ఆనకట్ట, 2022 సెప్టెంబరులో ప్రారంభమైన కొత్త బ్యారేజీ, కాలువలు, వాటి కింద కనుచూపు మేర వరి మళ్లు. నాట్లప్పుడూ కోతలప్పుడూ అమ్మానాన్నలిద్దరూ తెల్లారకముందే పొలానికి పోతే, పిల్లల్ని లేపి, నాలుగు ముద్దలు తినిపించి బడికి పంపేది అవ్వే. కుదురులేని మనవణ్ని చూసి అవ్వ పెద్దగా కంగారు పడదు. "వాళ్ల నాయన కూడా చిన్నప్పుడు ఇంతే. పెద్దయితే వాడే సర్దుకుంటాడు" అంటుంది.

ఆ మాటలో సగం నిజం ఉంది. ఏడీహెచ్‌డీ వంశంలో నడిచేదే. కవలల మీద జరిగిన అధ్యయనాలు అందులో వారసత్వం పాలు 70 నుంచి 80 శాతమని తేల్చాయి. మిగతా సగంతోనే పేచీ. చాలామంది పిల్లలు వాళ్లంతట వాళ్లు సర్దుకోరు. ఎందుకు సర్దుకోలేకపోతున్నారని వెతుక్కుంటూ పోతే, కుదురులేమి వెనక ఇంకోటి కనబడుతుంది. ఒక్కోసారి రెండు, మూడు.

మూడో తరగతి పిల్లాణ్ని ఒకణ్ని తీసుకుందాం. తరగతిలో పది నిమిషాలు కూర్చోడు. పలకా బలపమూ పెన్సిలూ ఏదీ సాయంత్రానికి మిగలదు. అడ్డం వస్తే పక్కవాణ్ని కొడతాడు. తెలుగు వాచకం చేతికిస్తే కడుపు నొప్పంటాడు. రాత్రి గురక పెడతాడు, అప్పుడప్పుడు పక్క తడుపుతాడు. వీటికి ఇంట్లో ఒక్కోదానికి ఒక్కో పేరు: అల్లరి, మతిమరుపు, మొండితనం, బద్ధకం. బడిలో అన్నిటికీ కలిపి ఒకటే పేరు, మొద్దు. అమ్మానాన్నలు అప్పోసప్పో చేసి పట్నం తీసుకెళ్తే డాక్టరు ఏడీహెచ్‌డీ అని చెప్పి మాత్రలు రాస్తారు. నెల తిరిగేసరికి వాడు కూర్చుంటున్నాడు. కానీ చదవడం రాలేదు. "మందు పనిచెయ్యలేదు సార్" అని తండ్రి మానేస్తాడు. మందు తన పని తాను చేసింది. అది కుదురునిస్తుంది తప్ప అక్షరాలు నేర్పదు. ఆ పిల్లాడికి చదవడంలో విడిగా ఒక లోపం ఉందేమోనని ఎవరూ చూడలేదు.

ఈ కథనం చెప్పదలచుకున్నది ఇదే. ఏడీహెచ్‌డీ అన్న పేరు వినగానే వెతకడం ఆపెయ్యకూడదు. అసలు వెతకాల్సింది అప్పటినుంచే.

ఎంతమందిలో ఇలా?

ఈ విషయంలో ఎక్కువగా ఉదహరించే అధ్యయనం ఎంటీఏ. అమెరికా, కెనడాల్లో 7 నుంచి 9 ఏళ్ల పిల్లలు 579 మందిని తీసుకుని, మందులూ ప్రవర్తన శిక్షణా ఏది ఎంత పనిచేస్తాయో పోల్చి చూశారు. ఫలితాలు 1999 డిసెంబరులో వచ్చాయి. చేరేటప్పటికి ఆ పిల్లల్లో ఏడీహెచ్‌డీ ఒక్కటే ఉన్నవాళ్లు మూడో వంతుకన్నా తక్కువే. సుమారు 40 శాతం మందిలో ఎదురుతిరిగే తత్వం ఒక రుగ్మత స్థాయిలో ఉంది. 34 శాతం మందిలో ఆందోళన, 14 శాతం మందిలో అంతకన్నా తీవ్రమైన నడవడి సమస్యలు, 11 శాతం మందిలో టిక్స్ అనే ఆపుకోలేని కదలికలు ఉన్నాయి. 2022లో అమెరికాలో తల్లిదండ్రులను అడిగిన సర్వేలోనూ ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో నాలుగింట మూడొంతుల మందికి పైగా రెండో సమస్య ఉందని తేలింది.

మన దగ్గర సంగతో? ఇన్‌క్లెన్ సంస్థ దేశంలో అయిదు చోట్ల 2 నుంచి 9 ఏళ్ల పిల్లల్ని పరీక్షించి, మెదడు ఎదుగుదలకు సంబంధించిన సమస్యలు ఎంతమందిలో ఉన్నాయో 2018లో ప్రకటించింది. ఆ అయిదింట్లో హైదరాబాదు ఒకటి. మొత్తం పిల్లల్లో సుమారు 12 శాతం మందికి ఏదో ఒకటి ఉంది. అలా ఉన్నవాళ్లలో ప్రతి అయిదుగురిలో ఒకరికి ఒకటికి మించి ఉన్నాయి. ఇది ఆసుపత్రికి వచ్చిన పిల్లల లెక్క కాదు. ఇల్లిల్లూ తిరిగి చూసిన లెక్క. అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోలేం.

ఈ లెక్కలో డాక్టర్లు కూడా చాలాకాలం తడబడ్డారు. ఆటిజమూ ఏడీహెచ్‌డీ ఒకే పిల్లాడిలో ఉండొచ్చని అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ పుస్తకం 2013 దాకా ఒప్పుకోలేదు. ఆటిజం అని రాస్తే రెండోది రాయకూడదన్నది నియమం. ఆ ఏడాది వచ్చిన అయిదో కూర్పు ఆ అడ్డు తీసేసింది. అంటే ఇప్పుడు ఇరవై దాటిన కుర్రాళ్లలో ఎంతోమందికి చిన్నప్పుడు సగం పేరే దొరికింది.

అక్షరం దగ్గర ఆగిపోయేవాళ్లు

పల్లెల్లో అన్నిటికన్నా ఎక్కువగా కళ్లు కప్పేది చదవడంలో లోపం, డిస్లెక్సియా. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో చదవడం, రాయడం, లెక్కలు, వీటిలో ఏదో ఒకదాంట్లో ఇలాంటి లోపం ఉన్నవాళ్లు మూడో వంతుకు పైనే అని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. 2007లో వచ్చిన తారే జమీన్ పర్ సినిమా తర్వాత డిస్లెక్సియా అన్న మాట పట్నాల్లో తెలిసింది. కానీ ఆ సినిమాలో పిల్లాడు తడబడేది ఇంగ్లిషు, హిందీ అక్షరాల దగ్గర. తెలుగులో దాని రూపు వేరు.

మన లిపిలో ఒక్క అక్షరం మీదే మూడు పనులు ఉంటాయి. హల్లును గుర్తుపట్టాలి, గుణింతం చూడాలి, కింద ఒత్తు చదవాలి. డిస్లెక్సియా ఉన్న పిల్లాడు మన అక్షరాల్ని చాలావరకు నేర్చుకుంటాడు. కానీ చదివేటప్పుడు ఒక్కో అక్షరం దగ్గరా ఆగుతాడు. ప, వ, ష తారుమారవుతాయి. మ, య కలగలుస్తాయి. దీర్ఘాలు పోతాయి, ఒత్తులు పోతాయి. వాక్యం చివరికి వచ్చేసరికి మొదటి మాట మరిచిపోయి ఉంటాడు. వినేవాళ్లకి ఓపిక లేదనిపిస్తుంది. చదివేవాడికి మాత్రం అది పెద్ద బరువు.

ఏడీహెచ్‌డీ ఒక్కటే ఉన్న పిల్లాడి తప్పులు వేరే రకం. ఒక వరుస దాటేస్తాడు, మాట మొదలు చూసి చివర ఊహించేస్తాడు, పై వరుసలో సరిగ్గా చదివిన మాటనే కింద తప్పు చదువుతాడు. రెండు వరుసలే ఇస్తే బాగా చదువుతాడు, పేజీ ఇస్తే మధ్యలో ఎక్కడో తప్పిపోతాడు. డిస్లెక్సియా ఉన్నవాడు రెండు వరుసల దగ్గరా, ప్రశాంతంగా ఉన్నప్పుడు కూడా, అవే చోట్ల తడబడతాడు. ఉపాధ్యాయులు ఒక చిన్న పని చేసి చూడొచ్చు. ఒక కథ మీరు చదివి వినిపించి చెప్పమనండి. తర్వాత ఇంకో చిన్న కథ వాణ్నే చదివి చెప్పమనండి. విన్నది చక్కగా చెప్పి, చదివింది చెప్పలేకపోతే చదువులో లోపాన్ని అనుమానించాలి. ఇది నిర్ధారణ కాదు. ఎటు పంపాలో తెలియజేసే గుర్తు, అంతే.

ఇంకో జాగ్రత్త. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల పుస్తకాల్లో ఇప్పుడు ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిషు. ఇంట్లో ఇంగ్లిషు మాట వినని పిల్లాడు ఇంగ్లిషు పేజీలో తడబడితే అది లోపం కాదు. ముందు తెలుగు పేజీ చదివించి చూడాలి. తెలుగులోనూ అదే అవస్థ అయితేనే అనుమానించాలి. కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఈ లోపాన్ని మూడో తరగతిలో, అంటే ఎనిమిదేళ్లప్పుడు గుర్తించే ప్రయత్నం చెయ్యాలి. అయిదో తరగతి దాటాక గుర్తిస్తే అప్పటికే పిల్లాడు తనని తాను మొద్దు అనుకోవడం మొదలుపెట్టి ఉంటాడు. ఆ నమ్మకాన్ని తీసెయ్యడం చదవడం నేర్పడంకన్నా కష్టం.

మొండితనం, బెత్తం

ఎదురు తిరగడం, ఊరికే కోపం, పెద్దవాళ్లతో వాదన, తప్పు ఎప్పుడూ పక్కవాడిదే అనడం. ఇవి ఆరునెలలకు మించి సాగుతూ, బడినీ ఇంటినీ అల్లకల్లోలం చేస్తుంటే డాక్టర్లు దాన్ని విడిగా గుర్తిస్తారు. ఇది ఎలా పెరుగుతుందో చూస్తే ఇంట్లో వాళ్లకి తమ పాత్ర తెలుస్తుంది. కుదురులేని పిల్లాడికి రోజూ పదిసార్లు తిట్లు పడతాయి. ఒకసారి చెప్తే వినడు కాబట్టి గొంతు పెంచుతాం. గొంతు పెంచితే వాడూ పెంచుతాడు. విసుగొచ్చి మనం వదిలేస్తే, అరిస్తే పని జరుగుతుందని నేర్చుకుంటాడు. వదలకుండా కొడితే, బలమున్నవాడు కొట్టొచ్చని నేర్చుకుంటాడు.

ఇందుకు మొదటి వైద్యం తల్లిదండ్రులకే. ఒకసారికి ఒకే పని చెప్పడం, దగ్గరికెళ్లి కళ్లలోకి చూసి చెప్పడం, చేసిన వెంటనే మెచ్చుకోవడం, చెయ్యకపోతే ముందే చెప్పిన చిన్న శిక్ష మాత్రమే వేయడం. వినడానికి తేలికే, పొలంనుంచి అలిసి వచ్చి చెయ్యడం కష్టం. అయినా ఆరేళ్లలోపు పిల్లలకు మందులకన్నా ముందు ఈ శిక్షణే ఇవ్వాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాల్లో కూడా ఉంది. మా అభిప్రాయంలో సంగం లాంటి ఊళ్లలో ఈ శిక్షణ అవ్వకీ తాతకీ కూడా అందాలి. వాళ్లని పక్కనబెట్టి నేర్పితే, తల్లి పొలానికి పోయిన పూట ఇల్లు మళ్లీ మొదటికొస్తుంది. ఇక బెత్తం మాటకొస్తే, విద్యాహక్కు చట్టం 17వ సెక్షను 2010 నుంచే దాన్ని నిషేధించింది. ఈ పిల్లల్ని కొట్టడం చట్టవిరుద్ధమే కాదు, రోగాన్ని పెంచడం.

దొంగతనాలు, జంతువుల్ని హింసించడం, ఇంట్లోంచి పారిపోవడం మొదలైతే అది వేరే స్థాయి. అలాంటప్పుడు సర్దుకుంటాడులే అని ఒక్క నెల కూడా ఆగకూడదు.

గొడవ చెయ్యనివాళ్లు

గొడవ చేసే పిల్లాణ్ని ఎవరో ఒకరు ఆసుపత్రికి తెస్తారు. వెనక బల్లమీద కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్న ఆడపిల్లని ఎవరూ తీసుకురారు. ఆడపిల్లల్లో ఏడీహెచ్‌డీ తరచుగా ధ్యాస నిలవకపోవడంగానే కనబడుతుంది. ఆ అమ్మాయికి తోడుగా ఉండేది ఆందోళన. సోమవారం పొద్దున కడుపు నొప్పి, పరీక్షకి ముందు వాంతి, టీచర్ పేరు పిలిస్తే చెమటలు. పద్నాలుగేళ్లొచ్చేసరికి దిగులు. "నెమ్మదస్తురాలు" అని మెచ్చుకుంటూనే ఒక రోగాన్ని పెంచుతున్నాం.

ఆందోళన విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఆందోళనే ఏడీహెచ్‌డీలా కనిపించొచ్చు. తండ్రి తాగొచ్చి గొడవ చేసే ఇంట్లో పిల్లకి పాఠం ఎలా వినబడుతుంది? అప్పుల వాళ్లు వాకిట్లో నిలబడ్డ ఇంట్లో పిల్లాడికి ఎక్కాలు ఎలా గుర్తుంటాయి? ధ్యాస ఎప్పటినుంచి పోయిందని అడగాలి. పన్నెండేళ్లలోపే మొదలై, ఇంట్లోనూ బడిలోనూ రెండుచోట్లా ఉంటేనే అది ఏడీహెచ్‌డీ. ఇంట్లో ఏదో జరిగాక మొదలైతే ముందు ఆ సంగతి చూడాలి.

జనం తప్పుగా అర్థం చేసుకునే తోడు సమస్య ఇంకోటి ఉంది: కళ్లు ఆర్పడం, భుజం ఎగరెయ్యడం, గొంతులో చిన్న శబ్దం. పిల్లాడు కావాలని చేస్తున్నట్టుంటుంది, అయినా ఆపుకోలేడు. ఇవే టిక్స్. వీటిలో తీవ్రమైన రకాన్ని 1885లో వర్ణించిన ఫ్రెంచి డాక్టరు టూరెట్ పేరుతో పిలుస్తారు. ఊళ్లల్లో దిష్టి తీస్తారు, తాయెత్తు కడతారు. డాక్టర్లేమో ఏడీహెచ్‌డీ మందులు టిక్స్‌ని పెంచుతాయని భయపడి చాలాకాలం ఇవ్వలేదు. 2002లో అమెరికాలో టిక్స్ ఉన్న పిల్లల మీద జరిగిన అధ్యయనంలో మిథైల్‌ఫెనిడేట్ వాడినవాళ్లలో టిక్స్ మిగతావాళ్లకన్నా పెరగలేదని తేలింది. ఇప్పుడు చాలామందికి కనిపెట్టుకుంటూ మందు ఇస్తున్నారు. టిక్స్ ఉన్నాయి కాబట్టి మందు కుదరదని ఎవరైనా చెప్పి పంపేస్తే ఇంకొకరిని అడగడంలో తప్పులేదు.

ముందు చెవి, ముక్కు, రక్తం

అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో తేలిపోయేవాటిని ఎందుకో అందరికన్నా చివర చూస్తాం. "మావాడికి నిద్ర బాగా పడుతుంది, గురక కూడా పెడతాడు" అని తల్లులు సంతోషంగా చెబుతారు. పిల్లల్లో రోజూ గురక మంచి గుర్తు కాదు. ముక్కు వెనక అడినాయిడ్స్ అనే గడ్డలు పెరిగి ఊపిరికి అడ్డుపడితే నిద్ర ముక్కలవుతుంది. పెద్దవాళ్లు నిద్ర చాలకపోతే తూగుతారు. పిల్లలు ఎగురుతారు. కొందరిలో ఆ గడ్డలకు వైద్యం చేశాక ఎగరడం బాగా తగ్గుతుంది. నోరు తెరుచుకుని పడుకునే పిల్లాణ్ని ముక్కు, చెవి, గొంతు డాక్టరు ఒక్కసారి చూడాల్సిందే. చెవిలో నీరు చేరి సరిగా వినపడని పిల్లాడూ చెప్పింది వినని పిల్లాడూ తరగతిలో ఒకేలా కనబడతారు.

రక్తం తక్కువ ఉండడం ఇంకోటి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరునెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత దేశంలో 67.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం. ధ్యాసకు కావాల్సిన డోపమైన్‌ని మెదడు తయారుచేసుకోవడానికి ఇనుము అవసరం. ఇనుము చాలని పిల్లల్లో కొందరు రాత్రి పక్కమీద కాళ్లు కదిలిస్తూనే ఉంటారు, పొద్దున నీరసంగా, చిరాగ్గా ఉంటారు. బడిలో ఇచ్చే గులాబీరంగు ఇనుము మాత్ర ఏడీహెచ్‌డీకి మందు కాదు. కానీ ఇనుము తక్కువున్న పిల్లాడికి అది వెయ్యకుండా ఏడీహెచ్‌డీ మందు ఒక్కటే వెయ్యడం సగం పనే.

మూర్ఛలో ఒక రకం ఉంది. పిల్లాడు కింద పడడు, కొట్టుకోడు. మాట్లాడుతూ మాట్లాడుతూ కొన్ని సెకన్లు శిలలా ఆగిపోయి మళ్లీ ఏమీ ఎరగనట్టు మొదలుపెడతాడు. రోజుకి పదులసార్లు రావొచ్చు. టీచరుకి పరధ్యానంలా కనిపిస్తుంది. పేరు పెట్టి పిలిచినా, భుజం తట్టినా ఆ కొన్ని సెకన్లు పలకకపోతే డాక్టరుకి ఆ మాట ప్రత్యేకంగా చెప్పాలి. డాక్టరు పిల్లాణ్ని రెండుమూడు నిమిషాలు గట్టిగా ఊపిరి ఊదమని, అక్కడే దాన్ని రప్పించి చూస్తారు. ఈఈజీ తీయిస్తారు. దీనికి మంచి మందులున్నాయి.

పక్క తడపడం, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, కోడిగీతల రాత. ఇవీ ఏడీహెచ్‌డీ పిల్లల్లో ఎక్కువే. సిగ్గుపడి దాచొద్దు, డాక్టరు దగ్గర చెప్పండి.

సంగం వాళ్లకి విడిగా ఒక మాట చెప్పాలి. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు ప్రమాదాలకు లోనవడం మిగతా పిల్లలకన్నా ఎక్కువని అనేక దేశాల అధ్యయనాలు చూపించాయి. ఆలోచించకముందే దూకేయడం వాళ్ల రోగంలోనే ఉంది. ఇంటి పక్కనే కాలువ పారే ఊళ్లో, బ్యారేజీ గేట్లు ఎత్తే ఊళ్లో, హైవే మధ్యనుంచి పోయే ఊళ్లో ఆ దూకుడు ప్రాణం తియ్యొచ్చు. ఈ పిల్లలకు ఈత నేర్పండి. నేర్పినా సరే, నీటి దగ్గరికి పెద్దవాళ్లు లేకుండా వదలొద్దు.

ఎక్కడికి పోవాలి?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వెళ్లాలి. వాళ్లు చూడాల్సిన ముప్ఫై సమస్యల్లో ఏడీహెచ్‌డీ, ఆటిజం, చదువులో లోపం, మూడూ ఉన్నాయి. అనుమానం వచ్చిన పిల్లల్ని ఇలాంటి సమస్యల్ని తొందరగా గుర్తించి సాయం చేసే జిల్లా స్థాయి డీఈఐసీ కేంద్రానికి పంపాలి. నెల్లూరులో సికింద్రాబాదు ఎన్‌ఐఈపీఐడీ ఆధ్వర్యంలో నడిచే, దివ్యాంగుల కోసం పెట్టిన సీఆర్‌సీ కేంద్రం ఉంది. బడి తరఫున, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం, మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ వాళ్లు ఏ వేళనైనా ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. బస్సెక్కే ముందు ఆ ఫోన్ చెయ్యడం మంచిది.

వెళ్లేటప్పుడు టీచరు చేత నాలుగు వాక్యాలు రాయించుకెళ్లండి. తల్లి చెప్పిన ఒక్కదాంతోనే నిర్ధారణ చేసే డాక్టరు తొందరపడుతున్నట్టే. వాచకం, రాత పుస్తకం పట్టుకెళ్లండి. గురక పెడుతుంటే ఫోన్‌లో వీడియో తీయండి. "ఏడీహెచ్‌డీ" అని చెప్పాక లేచి వచ్చెయ్యకుండా "దీంతోపాటు ఇంకేమైనా ఉందా డాక్టరుగారూ? ముందు దేనికి చూస్తారు?" అని అడగండి. ఆ రెండో ప్రశ్నకి జవాబు పిల్లాణ్ని బట్టి మారుతుంది. దిగులు తీవ్రంగా ఉంటే ముందు దిగులుకి. మూర్ఛ ఉంటే ముందు దానికి. ఆటిజం తోడుంటే మందు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు, ఎందుకంటే వాళ్లలో దుష్ప్రభావాలు ఎక్కువ. మిథైల్‌ఫెనిడేట్ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి వస్తుంది కాబట్టి ప్రతి మందుల షాపులోనూ దొరకదు. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వరు కూడా. నెలకి సరిపడా మందు ఎక్కడ దొరుకుతుందో ఆ రోజే అడిగి తెలుసుకోండి. మధ్యలో మందు అయిపోయి ఆగిపోయిన వైద్యాలు చాలా ఉన్నాయి.

చట్టం దగ్గర ఒక వెలితి ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో ఆటిజం, చదువులో లోపం ఉన్నాయి, ఏడీహెచ్‌డీ పేరు లేదు. అంటే ఏడీహెచ్‌డీ ఒక్కటే ఉన్న పిల్లాడికి వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం పత్రం దొరకడం కష్టం. తోడు లోపం నిర్ధారణ అయి, అది 40 శాతానికి తగ్గకుండా ఉంటే పరీక్షల్లో గంటకి 20 నిమిషాల అదనపు సమయం, రాసిపెట్టేవాళ్ల సాయం లాంటివి అడిగే హక్కు వస్తుంది. రెండో సమస్యను వెతకడానికి ఇదీ ఒక కారణమే. ఏడీహెచ్‌డీని కూడా ఆ జాబితాలో చేర్చాలి. అప్పటిదాకా ఉన్న హక్కునైనా వాడుకోవాలి.

ఈ తోడు సమస్యలు వయసుతో మారతాయి. ఆరేళ్లప్పుడు మొండితనం, తొమ్మిదేళ్లప్పుడు చదువు, పద్నాలుగేళ్లప్పుడు దిగులు, ఆ తర్వాత తాగుడు అలవాటు. ఒకసారి చూపించి ఊరుకుంటే చాలదు, ఏడాదికోసారి మళ్లీ చూపించాలి. బడికొచ్చే వైద్య బృందం పద్దెనిమిదేళ్ల దాకా చూస్తుంది. కానీ అది వెళ్లేది ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకే. అప్పుచేసి ప్రైవేటు బడిలో చేర్చిన పిల్లలు ఆ లెక్కలోకి రారు. తొమ్మిదో తరగతి తప్పి ట్రాక్టరు ఎక్కిన కుర్రాడూ రాడు. వాళ్ల ఇళ్లకి నెలనెలా వెళ్లేది ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం. ఆ ఇద్దరికీ పైన చెప్పిన గుర్తులు నేర్పి, ఇంట్లో కుదురులేని పిల్లలెవరైనా ఉన్నారా అని అడిగించడం జిల్లా వైద్య శాఖ ఈ ఏడాదే మొదలుపెట్టగల పని.